నడిచి చూద్దాం: రోమ్‌లో ఒక్క రోజే ఉంటే

గత నెల ఈ శీర్షికలో రోమ్ గురించి రాశాను. చేతిలో ఒక్క రోజే ఉంటే బస్సులు పక్కన పెట్టి, కొలోసియం నుంచి టైబర్ నది దాకా ఒకే దారి పట్టుకుని నడవమన్నాను. వాటికన్ మ్యూజియంల జోలికి ఆ రోజు వెళ్లొద్దని కూడా అన్నాను. చాలా ఉత్తరాలు వచ్చాయి. కొందరు మెచ్చుకున్నారు, ఇద్దరు ముగ్గురు కోప్పడ్డారు, ఎక్కువమంది ఇంకాస్త వివరంగా చెప్పమన్నారు. ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: టీచర్ గారూ, మేం నలుగురం. నేను, మావారు, ఇంటర్ చదివే మా అమ్మాయి, మా అత్తగారు. రోమ్‌లో మాకు దొరికేది ఒక్క పగలు. మా అమ్మాయి 14 చోట్లతో జాబితా రాసి పెట్టింది. పొద్దున్నుంచి రాత్రి దాకా నడిస్తే అన్నీ అవుతాయా?

జవాబు: అవుతాయమ్మా. పాత రోమ్ అంత పెద్దదేం కాదు. కొలోసియం దగ్గర బయల్దేరి, పెద్ద గుమ్మటమున్న పాత గుడి పాంథియన్ మీదుగా, టైబర్ మీది సాంత్ ఆంజెలో వంతెన దాకా వెళ్తే దారి మూడు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. పక్క సందుల్లో తిరుగుళ్లు కలిపితే ఏడు. కాళ్లు గట్టివైతే 14 చోట్లా నిలబడి ఫొటో దిగి రావచ్చు. నేను ఆ పని ఒకసారి చేశాను కాబట్టే మీకు వద్దంటున్నాను.

మొదటిసారి ఒక టూర్ వాళ్లతో వెళ్లాను. ఒకే రోజు 11 చోట్లు చూపించారు. పాంథియన్‌లో మాకిచ్చింది 12 నిమిషాలు. అందులో సగం మనుషుల్ని లెక్కపెట్టుకోవడానికే పోయింది. తలెత్తి పైకి చూడబోయేసరికి జెండా పట్టుకున్నాయన బయటికి నడిచేశాడు. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని. రోమన్ల పాఠం వచ్చినప్పుడల్లా ఆ గుమ్మటాన్ని నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసినదాన్ని. సరిగ్గా దాని కిందే నిలబడి కూడా దాన్ని చూడలేకపోయాను. ఆ బాధ చాలా కాలం పోలేదు. మూడేళ్ల తర్వాత మా చెల్లెల్ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లింది అందుకే.

ఈసారి ఇద్దరం ఒక మాట అనుకున్నాం. లోపలికి వెళ్లి తీరిగ్గా కూర్చునే చోట్లు నాలుగే. మిగతావి దారిలో ఎదురొస్తే చూస్తాం, లేకపోతే లేదు. మీరు సరిగ్గా నలుగురున్నారు. జాబితా ముందు పెట్టుకుని తలా ఒకటి ఎంచుకోండి. మొదట మీ అత్తగారిని అడగండి. పెద్దవాళ్లని ఆఖర్న అడిగితే "మీ ఇష్టం" అనేస్తారు.

మేం నడిచిన దారి చెప్తాను, మీకు పనికొచ్చినంత తీసుకోండి. పొద్దున ఏడున్నరకు కొలోసియం దగ్గరున్నాం. లోపలికి వెళ్లలేదు. లోపలికైతే ముందుగానే వేళ ఎంచుకుని టికెట్టు కొనుక్కోవాలి. టికెట్టు మీద పేరుంటుంది, పాస్‌పోర్టు చూపించమంటారు. మీలో ఎవరైనా దాన్నే కోరుకుంటే తప్పకుండా వెళ్లండి. మాకు మాత్రం బయట చుట్టూ తిరగడమే గొప్పగా అనిపించింది. ఉత్తరం వైపు గోడ పూర్తి ఎత్తున మిగిలి ఉంది, సుమారు 48 మీటర్లు. దాని కింద నిలబడి తోరణాల పైన చూడండి. ఒక్కో ద్వారానికి ఒక్కో రోమన్ అంకె చెక్కి ఉంటుంది. 23 నుంచి 54 దాకా ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి దాన్ని తెరిచిన నాడు, వేలకు వేల జనం ఎవరి ద్వారం ఏదో వెతుక్కోవడానికి చెక్కించిన అంకెలవి.

54 దగ్గర మా చెల్లెలు ఆగిపోయింది. "అక్కా, ఇది తప్పు కదా?" అంది. బడిలో నేర్చుకున్న ప్రకారం ఎల్ పక్కన ఐ, వి ఉండాలి. అక్కడ ఎల్ పక్కన నాలుగు నిలువు గీతలున్నాయి. రోమన్లు రెండు రకాలుగానూ రాసుకున్నారు. మనకు పుస్తకంలోకి ఒకటే వచ్చింది. పిల్లలు ఆ నాలుగు గీతలు వేసి తెచ్చిన ప్రతిసారీ ఎర్ర ఇంకుతో కొట్టేసిన టీచర్లు ఎంతమందో. మీ అమ్మాయికి ఆ అంకె తప్పకుండా చూపించండి.

గోడ నిండా మశూచి మచ్చల్లా చిల్లులు కనిపిస్తాయి. ఫిరంగి గుండ్లు తగిలిన గుర్తులని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ రాళ్ల మధ్య సున్నం లేదు, ఇనుప బందులతో ఒకదానికొకటి పట్టించారు. మధ్యయుగాల్లో ఇనుము కోసం రాళ్లు తొలిచి ఆ బందులు ఊడబీక్కుపోయారు.

అక్కణ్నుంచి ఐదారు నిమిషాల నడకలో సాన్ క్లెమెంతే చర్చి. దాని గురించి కింద ఇంకో ఉత్తరానికి జవాబులో రాశాను. అది చూసుకుని వెనక్కి వచ్చి, వియా దెయ్ ఫోరి ఇంపెరియాలి అనే వెడల్పాటి రోడ్డు పట్టుకున్నాం. 1932లో ముస్సోలినీ పాత ఫోరమ్‌ల (రోమన్ల సభా మైదానాల) మీదుగా వేయించిన రోడ్డు అది. రెండు పక్కలా కిందికి చూసుకుంటూ నడిస్తే చాలు. చివర ట్రాజన్ స్తంభం. డేసియా (ఇప్పటి రొమేనియా వైపు) యుద్ధాల బొమ్మలు అడుగు నుంచి పైదాకా చుట్టచుట్టినట్టు తిరుగుతూ వెళ్తాయి. 113లో నిలబెట్టారు. పైన ట్రాజన్ విగ్రహం ఉండేది, 1587 నుంచి సెయింట్ పీటర్ ఉన్నాడు. పక్కనే మెట్లెక్కితే మైకెలాంజెలో రూపకల్పన చేసిన కాంపిదోలియో చౌకు. ఆ భవనాల పక్కగా వెనక్కి వెళ్తే కింద రోమన్ ఫోరమ్ మొత్తం పరుచుకుని కనిపిస్తుంది. దానికి టికెట్టు లేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు పాంథియన్‌లో ఉండేలా చూసుకున్నాం. దీనికి కారణం ఉంది. అక్కడి చర్చిలు చాలావరకు మధ్యాహ్నం మూసేస్తారు, మళ్లీ మూడుకో నాలుగుకో తెరుస్తారు. ఆ సంగతి తెలియక మూసిన తలుపుల ముందు నిలబడి ఉసూరుమన్నవాళ్లని చాలామందిని చూశాను. పాంథియన్ కూడా 609 నుంచి చర్చే అయినా మధ్యాహ్నం తెరిచే ఉంటుంది. 2023 జులై నుంచి టికెట్టు పెట్టారు, అప్పుడు 5 యూరోలు. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలుండాలి. ఇది అక్కడ అన్ని చర్చిలకూ వర్తిస్తుంది.

గుమ్మం పైన పెద్ద అక్షరాల్లో "లూసియస్ కొడుకు మార్కస్ అగ్రిప్పా, మూడోసారి కాన్సుల్‌గా ఉండగా కట్టించాడు" అని ఉంటుంది. నిజానికి అగ్రిప్పా కట్టించినది పోయింది. ఇప్పుడున్నది హేడ్రియన్ చక్రవర్తి కాలంలో పూర్తయింది. తన పేరు వేసుకోకుండా పాతాయన పేరే ఉంచాడు. ఈ మాట క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

లోపల గుమ్మటం వెడల్పు 43 మీటర్ల పైచిలుకు, నేల నుంచి పైదాకా ఎత్తూ అంతే. ఇనుప కడ్డీ ఒక్కటి లేని కాంక్రీటు. కింద బరువైన రాయి కలిపారు, పైకి పోయేకొద్దీ తేలిక రాయి కలిపారు, నడినెత్తిన సుమారు 9 మీటర్ల కన్ను వదిలేశారు. వాన పడితే లోపలే పడుతుంది. నేల మీద నీళ్లు దిగడానికి సన్నటి కన్నాలున్నాయి, వెతికి చూడండి. మేం వెళ్లింది అక్టోబరు మొదటి వారం. తలుపు వైపు తిరిగి బల్ల మీద కూర్చున్నాం. పైకన్ను లోంచి వచ్చిన ఎండ, తలుపుకి చాలా పైన, గుమ్మటం మొదలయ్యే చోట పెద్ద పళ్లెంలా పడి ఉంది. గుమ్మటం లోపలంతా చదరపు గూళ్లు, వరసకి 28, ఐదు వరసలు. చూస్తూ కూర్చున్నాం. ఎండ పళ్లెం ఎడమ నుంచి కుడికి జరుగుతోంది. జరుగుతున్నప్పుడు తెలియదు, జరిగాక తెలుస్తుంది. అరగంటలో ఒక గూటి నుంచి పక్క గూటికి వెళ్లింది. భూమి తిరుగుతుందని నేను ముప్ఫై ఏళ్లు చెప్పాను. తిరగడాన్ని కూర్చుని చూసింది అదే మొదటిసారి. మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

సాయంత్రం నాలుగు దాటాక చర్చిలు మళ్లీ తెరుస్తారు. అప్పుడు సాంత్ అగోస్తీనో, తర్వాత నవోనా చౌకు, పొద్దు వాలే వేళకి సాంత్ ఆంజెలో వంతెన. అదీ మా రోజు.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. మోకాళ్ల నొప్పులున్నాయి. అక్కడ వీధులన్నీ రాళ్లేనట కదా, నడవగలనా?

జవాబు: నడవగలరండీ, కానీ ఆ రాళ్ల సంగతి ముందే తెలిసి ఉండాలి. వాటిని సాంపియెత్రీని అంటారు. అగ్నిపర్వతపు నల్లరాయిని పిడికిలి కంటే కాస్త పెద్ద ముక్కలుగా, కింద సన్నగా పైన వెడల్పుగా చెక్కి ఇసుకలో దిగ్గొడతారు. పైభాగం పూర్తిగా చదును ఉండదు. రాయికీ రాయికీ మధ్య సందు ఉంటుంది. మోకాలికి దెబ్బ దూరం వల్ల కాదు, అడుగడుక్కీ పాదం ఒక పక్కకి ఒరగడం వల్ల. వాన పడితే జారుతాయి కూడా. మందమైన అడుగున్న బూట్లు, అవీ ఇంతకుముందే రెండు మూడు నెలలు తొడిగినవి వేసుకోండి. ప్రయాణానికని కొత్తవి కొనకండి.

మా చెల్లెలికీ మోకాళ్ల బాధ ఉంది. నలభై నిమిషాలు నడక, పది నిమిషాలు కూర్చోవడం, గడియారం చూసుకుని మరీ పాటించాం. నొప్పి మొదలయ్యాక కూర్చుంటే లాభం లేదు, మొదలవకముందే కూర్చోవాలి. చర్చిల్లో బల్లలుంటాయి, నవోనా చౌకులో రాతి బెంచీలున్నాయి. స్పానిష్ మెట్ల మీద మాత్రం కూర్చోకండి. 2019 నుంచి అది నిషేధం, జరిమానా వేస్తారు. 135 మెట్లు చూసి అలిసి కూలబడాలనిపిస్తుంది, జాగ్రత్త.

నీళ్ల సీసా ఒక్కటి చాలు. వీధి మూలల్లో ఇనుప స్తంభాల్లాంటి కుళాయిలు ఎప్పుడూ పారుతూ ఉంటాయి. వాటిని నసోని అంటారు, పెద్ద ముక్కులని అర్థం. 1870ల నుంచీ ఉన్నాయి. నగరం మొత్తం మీద రెండు వేలకు పైనే. తాగే నీళ్లే, చల్లగా ఉంటాయి. వంగలేనివాళ్లకి ఒక కిటుకు ఉంది. కింది మూతిని వేలితో మూస్తే, గొట్టం పైనున్న చిన్న కన్నం లోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి. అక్కడి ఒక పెద్దావిడ మా చెల్లెలి వేలు పట్టుకుని అక్కడ పెట్టి చూపించింది. భాష ఒక్క ముక్క తెలియదు, పని మాత్రం తెలిసింది.

ప్రశ్న: ఫొటోల్లో చూస్తే రోమ్‌లో పాత కట్టడాలన్నీ గోతుల్లో ఉంటాయి. ఊరు కుంగిపోయిందా మేడమ్? నేను సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం.

జవాబు: చాలా మంచి ప్రశ్న బాబూ. పాత రోమ్ కుంగలేదు, కొత్త రోమ్ దాని మీద పైకి లేచింది. టైబర్ వరద వచ్చినప్పుడల్లా ఒండ్రు మిగిల్చిపోయేది. ఇల్లు కాలినా కూలినా ఆ శిథిలాన్ని ఎత్తి పారబోసే బదులు అక్కడే చదును చేసి మీద కట్టుకున్నారు. వందల ఏళ్లు జనం తగ్గి, ఎత్తివేసేవాళ్లు లేక మట్టి పేరుకుంది. అందుకే పాతది చూడాలంటే వంగి చూడాలి. లార్గో అర్జెంటీనా అనే చోట బస్సులు తిరిగే రోడ్డు పక్కనే గోతిలో నాలుగు గుళ్లున్నాయి. 1920లలో కొత్త భవనాల కోసం పాతవి పడగొడుతుంటే బయటపడ్డాయి. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్‌ని పొడిచి చంపింది ఆ పక్కనే.

వరద ఎంత వచ్చేదో కంటితో చూడాలనుందా? పాంథియన్ వెనకే సాంతా మరియా సోప్రా మినర్వా అనే చర్చి ఉంది. దాని ముందు గోడకి కుడి పక్కన చిన్న చిన్న పాలరాతి పలకలు బిగించి ఉంటాయి. నీళ్లు ఏ ఏడు ఎంతవరకు వచ్చాయో గుర్తులు. 1598 నాటిది అన్నిటికన్నా పైన, మనిషి ఎత్తు దాటి ఉంటుంది. నేను దాని కింద నిలబడి చెయ్యెత్తి చూశాను, అందలేదు. 1870 డిసెంబరులో మళ్లీ పెద్ద వరద వచ్చాకే నది పొడవునా ఎత్తయిన గోడలు కట్టారు.

కానీ నువ్వు చూడాల్సింది సాన్ క్లెమెంతే. వీధిలోంచి లోపలికి వెళ్తే 12వ శతాబ్దపు చర్చి, పైన బంగారు రంగు మొజాయిక్. ఎంతో బాగుంటుంది, అక్కడితో అయిపోయిందనుకుని వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది. పక్కన టికెట్టు కొనుక్కుని మెట్లు దిగాలి. దిగితే 4వ శతాబ్దపు చర్చి. పై చర్చిలో ఉన్నవాళ్లే దాన్ని మరిచిపోయారు. 1857లో ముల్లూలీ అనే ఐర్లండ్ సన్యాసి తవ్వించి బయటికి తీశాడు. ఇంకా కిందికి దిగితే క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గోడలు, ఇటుకల మధ్య సన్నటి సందు, మిత్ర అనే దేవుడి చిన్న గుడి. అక్కడ మాటలాపి నిలబడితే గోడ అవతల నీళ్లు పారే చప్పుడు వినిపిస్తుంది. రెండు అంతస్తులు దిగి రెండు వేల ఏళ్ల కిందటి సందులో నిలబడ్డాక, పైకి వచ్చి రోడ్డు మీద కాలు పెట్టాలంటే నాకు కాసేపు తడబాటుగా అనిపించింది. కాలి కింద ఏముందో తెలిసిపోయింది కదా.

మధ్య అంతస్తులో గోడ మీద ఒక బొమ్మ చూడు. సిసీనియస్ అనే పెద్దమనిషి, సెయింట్ క్లెమెంట్‌ని కట్టి ఈడ్చుకుపొమ్మని నౌకర్లకి చెప్తుంటాడు. వాళ్లు ఈడుస్తున్నది మాత్రం ఒక స్తంభాన్ని. ఆయన తిట్టే తిట్టు బొమ్మ పక్కనే రాసి ఉంటుంది, లాటిన్‌లో కాదు, అప్పటి జనం మాట్లాడుకునే భాషలో. ఇటాలియన్ భాషకి మిగిలిన చాలా పాత రాతల్లో అదొకటి, 11వ శతాబ్దం చివరిది. ఒక భాష మొట్టమొదట గోడెక్కిన కొద్ది చోట్లలో వీధి తిట్టు ఒకటి ఉండటం నాకెంతో ఇష్టమైన సంగతి. సాన్ క్లెమెంతేకీ మధ్యాహ్నం విరామం ఉంది, ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి. వేళలు చూసుకుని వెళ్లు.

ప్రశ్న: రోమ్‌లో గంగామాత విగ్రహం ఉందని మా బంధువు ఒకాయన చెప్పారు. నిజమేనా?

జవాబు: గంగ ఉన్న మాట నిజం, మాత కాదు. నవోనా చౌకు నడుమ బెర్నీని అనే శిల్పి రూపకల్పన చేసిన నాలుగు నదుల ఫౌంటెన్ ఉంది, 1651లో పూర్తయింది. నాలుగు దిక్కులకి నాలుగు నదులు: డాన్యూబ్, నైల్, దక్షిణ అమెరికా నుంచి రియో దె లా ప్లాతా, మన గంగ. నలుగురూ మగవాళ్లే. రోమన్లు నదిని గడ్డపు మనిషిగా చెక్కే ఆచారం పాతది, వాళ్ల భాషలో గంగ పేరు కూడా పుంలింగం. మన గంగ గుబురు గడ్డంతో, కండలు తిరిగిన ఒంటితో, చేతిలో పొడవాటి తెడ్డు పట్టుకుని రాతి మీద వెనక్కి వాలి కూర్చుంటాడు. పడవలు నడిచేంత పెద్ద నదని చెప్పడానికి ఆ తెడ్డు.

మొదట చూడగానే మా చెల్లెలికి మనసుకి పట్టలేదు. "మన గంగమ్మకి గడ్డమా" అంది. ఫౌంటెన్ చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చి ఆ తెడ్డు ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. "గంగ ఒడ్డున ఎన్నడూ నిలబడనివాడు, ఎవరో చెప్పగా విని చెక్కాడు కదక్కా" అంది. పక్కన నైల్ తల మీద గుడ్డ కప్పుకుని ఉంటాడు. ఆ నది ఎక్కడ పుట్టిందో అప్పటికి వాళ్లకి తెలియదు, అందుకని.

అక్కడ గైడ్లు ఒక కథ చెప్తారు. రియో చెయ్యెత్తింది ఎదురుగా బెర్నీని పోటీదారు బొర్రొమీని కట్టిన చర్చి మీద పడుతుందన్న భయంతోనట. వినడానికి సరదాగా ఉంటుంది కానీ నిజం కాదు. ఫౌంటెన్ 1651లో అయిపోయింది, చర్చి పని మొదలైందే 1652లో.

ప్రశ్న: ట్రేవి ఫౌంటెన్‌లో నాణెం వేయాలా?

జవాబు: వేయాలనిపిస్తే వేయండి. ఆ డబ్బు కారితాస్ అనే చర్చి సేవాసంస్థకి వెళ్తుంది. నేను నాణెం కంటే ఆ నీళ్లనే ఎక్కువ చూశాను. పాంథియన్ మీద పేరున్న అగ్రిప్పాయే క్రీ.పూ. 19లో తెప్పించిన కాలువ నీళ్లవి, దారి ఎక్కువ భాగం భూమి లోపలే. ఫౌంటెన్ 1762లో పూర్తయింది, నీళ్లు దానికంటే 1,700 ఏళ్లకు పైగా పాతవి. తెల్లవారుజామునే వెళ్లండి. పది దాటాక నీళ్లు కనబడవు, తలలే కనబడతాయి.

ప్రశ్న: మీరు గత నెల వాటికన్ వద్దని రాయడం నాకు నచ్చలేదు. మేం క్రైస్తవులం. రోమ్ దాకా వెళ్లి సెయింట్ పీటర్స్ చూడకుండా ఎలా వస్తాం?

జవాబు: మీ కోపం న్యాయమైనది. నేను రాసింది మ్యూజియంల గురించే అయినా, మాట విడమరిచి చెప్పలేదు. భక్తితో వెళ్లేవాళ్లకి నా దారి వర్తించదు. మీరు పొద్దున్నే తిన్నగా సెయింట్ పీటర్స్‌కి వెళ్లండి, అక్కడ ఎంతసేపు ఉండాలనిపిస్తే అంతసేపు ఉండండి. మిగతా రోజు ఏం మిగిలితే అది. కొలోసియం చూడకపోయినా ఫర్వాలేదు. మ్యూజియంల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. అవి సగం పూట తినేస్తాయి, ఆ తర్వాత కాళ్లలోనూ కళ్లలోనూ ఏమీ మిగలదు.

మిగతావాళ్లకి నా సలహా, సాంత్ ఆంజెలో వంతెన దాటి ఇంకో పది పదిహేను నిమిషాలు నడిచి, చీకటి పడే వేళ సెయింట్ పీటర్స్ ముందున్న చౌకులోకి వెళ్లండి. బెర్నీని కట్టిన స్తంభాల వరసలు రెండు చేతుల్లా చాపి ఉంటాయి, మొత్తం 284 స్తంభాలు, నాలుగేసి వరసల్లో. ఫౌంటెన్‌కీ, నడిమి ఒబెలిస్క్ అనే ఏకశిలా స్తంభానికీ మధ్య నేలలో గుండ్రటి రాయి ఒకటి పొదిగి ఉంటుంది. దాని మీద నిలబడి స్తంభాల వైపు చూడండి. నాలుగు వరసలు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే వరస కనిపిస్తుంది. ఒక్క అడుగు పక్కకి వేస్తే వెనకవన్నీ బయటికి వస్తాయి. నేను ఆ రాయి మీదికీ కిందికీ చిన్నపిల్లలా పదిసార్లు తిరిగాను.

ప్రశ్న: మావారు ప్రతి బోర్డూ ఆసాంతం చదువుతారు. నాకు సందులు తిరగడం ఇష్టం. ఎక్కడికి వెళ్లినా సాయంత్రానికి గొడవే. ఏం చేయమంటారు?

జవాబు: మధ్యాహ్నం ఒక గంటన్నర విడిపోండమ్మా. ఎవరి ఇష్టం వాళ్లది. కలుసుకునే చోటు ముందే గట్టిగా అనుకోండి. మినర్వా చర్చి ముందు ఏనుగు అయితే బాగుంటుంది. 1667లో బెర్నీని రూపకల్పనలో చెక్కిన చిన్న ఏనుగు, వీపు మీద ఈజిప్టు ఒబెలిస్క్ మోస్తూ, తొండం వెనక్కి తిప్పి నిలబడి ఉంటుంది. ముందొచ్చినవాళ్లు ఎదురుచూస్తూ విసుక్కోకుండా గోడ మీది వరద పలకలు చదువుకోవచ్చు. ముందు మీవారే వస్తారని నా నమ్మకం. మీరు ఏ సందులో ఏం చూశారో ఆయనకి చెప్పండి, ఆయన చదివింది మీకు చెప్తారు. నేనూ మా చెల్లెలూ ఇలాగే చేశాం. ఆమె విడిగా తిరిగి ఒక చౌకులో ఓ భవనం గోడలోకి ఇరికిపోయిన 11 పాత స్తంభాలు కనిపెట్టి వచ్చింది. అవి హేడ్రియన్ పేర కట్టిన గుడివి. నా పుస్తకంలో ఉన్నాయి, నేనే దాటేశాను.

ప్రశ్న: టీచర్ గారూ, మీరు మళ్లీ వెళ్లి ఒకే ఒక్కటి చూడాలంటే ఏది చూస్తారు?

జవాబు: పాంథియన్ అంటానని అనుకుని ఉంటారు. కాదు. సాంత్ అగోస్తీనో చర్చిలో, లోపలికి వెళ్లగానే ఎడమ పక్క మొదటి గదిలో కరవాజ్జో వేసిన పటం. 1600ల మొదట్లో వేశాడు. మేరీమాత బిడ్డనెత్తుకుని మామూలు ఇంటి గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఆమె కాళ్లకీ చెప్పులు లేవు. గోడకి పెచ్చులూడి ఇటుకలు బయటపడ్డాయి. ముందు ఇద్దరు ముసలివాళ్లు, నడిచి వచ్చిన యాత్రికులు, మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించారు. ముసలమ్మ తలగుడ్డ నలిగి మాసిపోయింది. ముసలాయన అరికాళ్లు మన వైపు ఉంటాయి. మట్టి కొట్టుకుపోయిన అరికాళ్లు, సరిగ్గా మన కళ్ల ఎదురుగా.

మేం వెళ్లేసరికి సాయంత్రం ఐదు. పొద్దున్నుంచి నడుస్తూనే ఉన్నాం. పక్కన పెట్టెలో నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. మూడుసార్లు వేశాం. మూడోసారి దీపం ఆరాక కూడా మా చెల్లెలు కదల్లేదు. చీకట్లో వంగి, బూటు విప్పి, తన కాలు ఒకసారి చేత్తో తుడుచుకుని మళ్లీ తొడుక్కుంది. తర్వాత సంచీలో నాలుగో నాణెం వెతికింది.